మామయ్య గారి రికార్డులు, ఒక చిన్న డబ్బా

రికార్డు ప్లేయర్ కొన్నాక దాని పక్కన పెట్టడానికి ఇంకో డబ్బా కూడా కావాలంటే, ఏ ఇల్లాలైనా ముందు అడిగేది ఒక్కటే. "ఇప్పుడది అంత అవసరమా?" నేనూ అదే అడిగాను. ఆ డబ్బా పేరు ఫోనో ప్రీ యాంప్లిఫైయర్. అరచేతిలో పడుతుంది, ధర మాత్రం ఆరు వేలు దాటింది. కొనాలా వద్దా అని మా ఇంట్లో రెండు వారాలు చర్చ నడిచింది.

ముందు మామయ్య గారి సంగతి చెప్పాలి. దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి ఊళ్ళలో బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యారు. పని మీద ఖమ్మం వెళ్ళినప్పుడల్లా చేతిలో ఒక రికార్డుతో తిరిగొచ్చేవారట. ఘంటసాల గారి భగవద్గీత, సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం, సినిమా పాటలు, అన్నిటికంటే ముఖ్యంగా బాలమురళీకృష్ణ గారు పాడిన రామదాసు కీర్తనలు. మొత్తం 63 రికార్డులు. "జీతంలో సగం బియ్యానికి, సగం ఈ పళ్ళేలకి" అని అత్తయ్య గారు ఇప్పటికీ దెప్పుతారు.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. ఇక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు, అంటే ఎంత నీరో ఊహించుకోండి. రికార్డుల పెట్టెను మావారు ముందే ఎదురింటి మేడ మీదికి చేర్చారు. బీరువా మీద పెట్టిన పాత ప్లేయర్‌ మాత్రం దక్కలేదు. బురద కడిగి, ఎండబెట్టి, ఇద్దరు మెకానిక్‌లకు చూపించినా లాభం లేకపోయింది.

ఆ తర్వాత రెండేళ్ళు ఇంట్లో పాట లేదు. ఈలోగా మామయ్య గారి వినికిడి తగ్గుతూ వచ్చింది. ఖమ్మంలో డాక్టరు గారు చెవి మిషన్ పెట్టించారు. వయసుతో వచ్చేది కాబట్టి ఇంకా తగ్గవచ్చనీ, ఉన్న వినికిడిని వాడుకుంటూ ఉండమనీ చెప్పారు. ఆయనేమో వాడుకోవడం మానేశారు. నలుగురం మాట్లాడుకుంటుంటే నవ్వి ఊరుకుంటారు. ఏదైనా అడిగితే "సరేనమ్మా" అంటారు. అది ప్రశ్నకు జవాబు కాదని తెలిసి కూడా మేం రెట్టించం.

మా అమ్మాయి తన మొదటి జీతంతో తాతయ్యకి కొత్త టర్న్‌టేబుల్ పంపింది. లోపలే చిన్న ప్రీ యాంప్ ఉన్న రకం. హోమ్ థియేటర్‌కి కలిపి రామదాసు కీర్తనల రికార్డు పెట్టారు మావారు. పాట వచ్చింది, దాంతోపాటు జుయ్ మంటూ ఒక రొద కూడా. గొంతు రేకు డబ్బాలోంచి వస్తున్నట్టుంది. మనకైతే సర్దుకుపోయేంతే. కానీ చెవి మిషన్ పాటనీ రొదనీ కలిపి పెంచుతుంది. మామయ్య గారు రెండు నిమిషాలు విన్నారు. మిషన్ తీసి చొక్కా జేబులో వేసుకుని, "బాగుందమ్మా, దానికి థాంక్స్ చెప్పు" అని వరండాలోకి వెళ్ళిపోయారు.

అప్పుడు మొదలైంది ఈ డబ్బా గొడవ. పాత ప్లేయర్‌కి లేని అవసరం దీనికెందుకని అడిగాను. మావారు చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

ఆ కాలపు పెట్టె ప్లేయర్లలో చాలావాటికి సిరామిక్ కార్ట్రిడ్జ్ ఉండేది. అది కాస్త గట్టి సిగ్నలే ఇస్తుంది. ఇప్పటి అయస్కాంతపు కార్ట్రిడ్జ్ ఇచ్చేది 5 మిల్లీవోల్టుల చుట్టుపక్కల. దాన్ని దాదాపు వంద రెట్లు పెంచితేగానీ హోమ్ థియేటర్‌కి సరిపోదు. అంత పెంచేటప్పుడు ఏ కాస్త రొద కలిసినా అదీ పెరుగుతుంది.

రెండో సంగతి ఇంకా వింతగా అనిపించింది. రికార్డు చేసేటప్పుడు మృదంగం లాంటి మంద్ర ధ్వనులను కావాలనే తగ్గించి, సన్నటి ధ్వనులను పెంచి గాడి గీస్తారట. లేకపోతే గాడి మరీ వెడల్పయి, చోటు చాలదు, సూది కూడా ఎగిరిపోతుంది. వినేటప్పుడు దాన్ని సరిగ్గా తిరగేయాలి. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్న కొలత 1954 నుంచి అందరికీ ఒకటైంది. పట్టుచీరని ఏ మడతల్లో పెట్టారో ఆ మడతల్లోనే విప్పడం లాంటిదన్నమాట. విప్పే పని ఈ డబ్బాది. మంచిదైతే ఆ పని రొద కలపకుండా చేస్తుంది.

నెల ఖర్చుల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. మిక్సీ మార్చాలని దాచిన డబ్బుంది. మిక్సీ వచ్చే సంవత్సరం కూడా దొరుకుతుంది. మామయ్య గారి చెవులు వచ్చే సంవత్సరానికి ఎలా ఉంటాయో ఎవరం చెప్పలేం. ఆయన వినగలిగే రోజుల్లోనే వినిపించాలి. ఆ లెక్క తేలాక ఇక చర్చ అక్కర్లేకపోయింది.

మీలో ఎవరైనా కొంటే కొన్ని సంగతులు. టర్న్‌టేబుల్ వెనక స్విచ్‌ని లైన్ నుంచి ఫోనోకి మార్చాలి. లేదంటే ఒకే పని రెండుసార్లు జరిగి, పాట మొద్దుగా, పగిలినట్టు వస్తుంది. గ్రౌండ్ తీగను డబ్బా మీది స్క్రూకి బిగించాలి. డబ్బాని కరెంటు అడాప్టర్లకి దూరంగా పెట్టాలి. మాది టీవీ వెనక ప్లగ్గుల గుంపులోంచి కిటికీ పక్కకి మార్చాక జుయ్ మనే మోత దాదాపు పోయింది. ఇక గీతలు పడ్డ రికార్డునీ, అరిగిన సూదినీ ఏ డబ్బా బాగుచెయ్యలేదు.

మామయ్య గారికి ఇప్పుడు అంతా వినిపిస్తోందని చెప్పను. వయొలిన్ పై స్వరాలు ఆయనకి అందడం లేదు. మాటలు మాత్రం అందుతున్నాయి. మొదటి రోజు ఒక వైపంతా కళ్ళు మూసుకుని విన్నారు. అయ్యాక మిషన్ తియ్యలేదు. గోపన్న మన నేలకొండపల్లి వాడేననీ, పాల్వంచ పరగణాకి తహసీల్దారుగా వచ్చాడనీ, గుడి కట్టించి గోల్కొండ జైలు పాలయ్యాడనీ మొదలుపెట్టారు. అందరికీ తెలిసిన కథే. అయినా పాఠంలా గంటసేపు చెప్పారు. మధ్యలో అత్తయ్య గారు ఏదో అంటే గట్టిగా వాదించారు కూడా. ఆయన మాట వినపడక కాదు, నచ్చక ఊరుకోకపోవడం చూసి ఎన్నాళ్ళయిందో!

ఇప్పుడు సాయంత్రం ఐదింటికి రికార్డు మార్చే పని ఆయనదే. "కాఫీకి పిలిస్తే పలకట్లేదు, ఇంకా చెవుడు పెరిగిందేమో" అని అత్తయ్య గారి కొత్త ఫిర్యాదు. నాకు మాత్రం ఆయన వింటూనే పలకట్లేదని అనుమానం.