గోడ దేనిది?

రాణిగంజ్‌లో కౌంటర్ వెనక కూర్చున్న పెద్దాయన మొదట అడిగింది అదే. నేను సంచిలోంచి స్టీలు హ్యాండిల్ తీసి చూపించి, "దీన్ని బాత్రూమ్ గోడకి బిగించాలి, గట్టి యాంకర్ ఫాస్టనర్లు నాలుగివ్వండి" అన్నాను. 'గట్టి' అనే మాట రెండుసార్లు అన్నట్టు గుర్తు.

"గోడ దేనిది సార్? కాంక్రీటా, ఇటుకా?"

"కాంక్రీటే" అనేశాను.

అబద్ధమాడాలని కాదు. ఆ క్షణంలో నా కళ్ళముందున్నది హైదరాబాద్‌లో నేనుండే అపార్ట్‌మెంట్ గోడ. అల్యూమినియం చట్రాల్లో కాంక్రీటు పోసి లేపిన గోడ అది. టీవీ బిగించడానికి వచ్చిన కుర్రాడు డ్రిల్లింగ్ మెషిన్‌తో అరగంట కుస్తీ పట్టాడు. కానీ ఈ హ్యాండిల్ వెళ్ళాల్సింది నారాయణఖేడ్‌కి, నూరు కిలోమీటర్లు దాటి, మా పాత ఇంటికి. అమ్మ ఒక్కతే ఉంటుందక్కడ. ఆ వానాకాలంలో బాత్రూంలో జారింది. ఎముక విరగలేదు గానీ మణికట్టు వాచింది. ఆ సంగతి కూడా నాకు పదిరోజుల తర్వాత, ఫోన్‌లో వేరే ఏదో మాట్లాడుతుంటే తెలిసింది.

ఆయన ఇచ్చినవి ఎం10 బోల్టులు. చివర చిన్న శంకువు, దాని చుట్టూ చీలికలున్న స్టీలు తొడుగు. పనిచేసే పద్ధతి చాలా సింపుల్. నట్టు తిప్పితే బోల్టు బయటికి జరుగుతుంది, శంకువు తొడుగులోకి దూరుతుంది, తొడుగు విచ్చుకుని రంధ్రం గోడల్ని నొక్కుతుంది. ఆ నొక్కుడు వల్ల పుట్టే రాపిడే దాని బలమంతా. జిగురు లేదు, మేకు లేదు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాళ్ళలో నేనొకణ్ణి, రాపిడి సూత్రాలు ఇప్పటికీ నిద్రలో చెప్పగలను. ఆ సూత్రంలోనే ఇంకో సగం ఉంది. తొడుగు నొక్కినప్పుడు గోడ అంతే బలంగా తిరిగి నొక్కాలి. నొక్కలేని గోడైతే బోల్టు ఎంత మంచి స్టీలైనా ఒకటే.

డబ్బా వెనక ఆ సంగతి రాసే ఉంది. ఇంత బరువు మోస్తుందని పెద్ద అంకె, దాని కింద చిన్న అక్షరాల్లో 'సి20/25 కాంక్రీటులో' అని. పుస్తకాల మీద రాసేటప్పుడు ఫుట్‌నోట్లు వదలను నేను. ఎవరైనా వదిలేసి రాస్తే ఎత్తి చూపిస్తాను కూడా. డబ్బా వెనక మాత్రం చదవలేదు.

మా ఇంటి బాత్రూమ్ తర్వాత కట్టింది. మూడు వైపులా ఇటుక, నాలుగో వైపు పాత ఇంటి వెనకగోడ. అది మూరెడు మందం, రాయీ మట్టీ. మా వైపు పాత ఇళ్ళు చాలావరకు అంతే. పక్కనే బీదర్‌లో కోటంతా కట్టిన ఎర్రరాయి, ఇంకా చేలల్లో ఏరుకొచ్చిన రాళ్ళు, మధ్యలో మట్టి. లోపలి వైపు మేం సిమెంటు పూసి, తెల్ల టైల్స్ అతికించాం కాబట్టి చూడ్డానికి నాలుగు గోడలూ ఒకటే. కమోడ్ పక్కన ఉన్నది ఆ పాతగోడే. హ్యాండిల్ అక్కడే పెట్టాలనుకున్నాను.

డ్రిల్ చేస్తుంటే గోడ తన సంగతి తనే చెప్పింది, నేను వినలేదు. మొదట తెల్లపొడి వచ్చింది, టైల్‌ది. తర్వాత బూడిదరంగు, సిమెంటుది. ఆ తర్వాత బిట్ ఒక్కసారిగా లోపలికి జారిపోయింది, మెత్తగా, ఎర్రమట్టి రాలింది. రెండో రంధ్రంలో రాయి తగిలింది, బిట్ పక్కకి తిరిగింది. "అబ్బ, ఈ గోడ భలే తేలిగ్గా ఉంది" అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

నట్టు తిప్పితే బిగిసింది, వదులైంది, మళ్ళీ బిగిసింది. బాగా బిగిసిందనిపించాక హ్యాండిల్ పట్టుకుని నా బరువంతా వేసి ఒక నిమిషం వేలాడాను. కదల్లేదు. అమ్మని పిలిచి చూపించాను. "మంచిగున్నది" అంది. ఆదివారం సాయంత్రం బస్సెక్కాను.

మళ్ళీ దసరాకి వెళ్ళినప్పుడు హ్యాండిల్ మీద తువ్వాలు ఆరేసి ఉంది. తీసి, రెండు వేళ్ళతో హ్యాండిల్ కదిపాను. ఊగింది. కింది టైల్ మీద వెంట్రుకంత పగులు.

"ఎప్పట్నుంచి ఊగుతుందమ్మా?"

"నువ్వు పోయినంక వారం దినాలకే."

"మరి చెప్పొద్దా?"

"రెండు రోజులు కష్టపడి పెట్టినవ్. ఏం చెప్తా బిడ్డా. నేను తలుపు చౌకట్ పట్టుకుంట తియ్. గిది తువ్వాలకు మంచిగ పనికొస్తున్నది."

ఆ రాత్రి చేయాల్సిన చదువంతా చేశాను. మామూలు కాంక్రీటు, ఎం20 అంటే, చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడి తట్టుకుంటుంది. మన ప్రమాణాల ప్రకారం మట్టి ఇటుకల్లో అడుగు తరగతిది తట్టుకోవాల్సింది 3.5. ఇటుక మధ్యలో విచ్చుకునే బోల్టు పెడితే అది ఇటుకనే రెండు చేస్తుంది, అంచుకి దగ్గరగా పెడితే ఇంకా తొందరగా. మంచి కాంక్రీటులో కూడా అంచు భయం ఉంటుంది. బలంగా లాగితే బోల్టు ఒక్కటే రాదు, తనతో పాటు కాంక్రీటు ముక్కని గరాటు ఆకారంలో పెకిలించుకుని వస్తుంది. అందుకే బోల్టు ఎంత లోతుంటే అంచు దానికి కనీసం ఒకటిన్నర రెట్లు దూరంలో ఉండాలంటారు. ఇక రాయీ మట్టీ గోడకి ఏ పట్టికలోనూ అంకె లేదు. తొడుగు విచ్చుకుంటే మట్టి పక్కకి తప్పుకుంటుంది, అంతే. నేను వేలాడిన ఆ నిమిషంలో తప్పుకోవడానికి దానికి టైం చాలలేదు.

ఆ చదువులోనే బోస్టన్ సొరంగం సంగతి ఎదురైంది. 2006 జూలై 10న అక్కడ రోడ్డు సొరంగం పైకప్పు పలకలు ఊడి ఒక కారు మీద పడ్డాయి. కారులో ఉన్న ఆవిడ చనిపోయింది. ఆ పలకలు వేలాడింది కాంక్రీటులో ఎపాక్సీ జిగురుతో దింపిన రాడ్ల మీద. త్వరగా గట్టిపడే రకం ఎపాక్సీ అది. పరీక్షలో లాగితే నిలుస్తుంది, కానీ రోజూ అదే బరువు వేలాడుతుంటే కొద్దికొద్దిగా సాగుతుంది. దర్యాప్తు నివేదికలో నన్ను ఆపేసింది ఈ సాంకేతిక కారణం కాదు. నిర్మాణం జరుగుతున్నప్పుడే, 1999లోనే, కొన్ని రాడ్లు కిందికి జారుతున్నాయని పనివాళ్ళు చూశారు. సరిచేశారు, మళ్ళీ పరీక్షించారు, ఎందుకు జారాయన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు. ఆరేళ్ళ తర్వాత, 2012 డిసెంబర్ 2న, జపాన్‌లోని ససాగో సొరంగంలో పైకప్పు పలకలు కూలి తొమ్మిది మంది పోయారు. అక్కడా పైన బోల్టుల పట్టే వదిలింది.

ఊగుతోందని తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారు. మా ఇంట్లో ఆ మనిషి తువ్వాలు ఆరేసుకుంది.

పొద్దున్నే మేస్త్రీ కాకని పిలుచుకొచ్చాను. మా బాపు ఉన్నప్పటి నుంచీ ఇంటికి అలవాటైన మనిషి. సుత్తి వెనక్కి తిప్పి, టైల్స్ మీద టక్ టక్‌మని కొట్టుకుంటూ వెళ్ళాడు. పాతగోడ దగ్గర శబ్దం బోదగా ఉంది, ఇటుకగోడ దగ్గర కొంచెం గట్టిగా. నా బోల్టుని చేత్తోనే తిప్పి బయటికి లాగాడు. వెనకాలే గుప్పెడు మట్టి వచ్చింది.

"ఇండ్ల మట్టి తప్ప ఏమున్నది తమ్మీ?"

నేను నైలాన్ ప్లగ్గుల గురించీ, రంధ్రంలో జాలీ గొట్టం పెట్టి మందు ఎక్కించే కెమికల్ యాంకర్ల గురించీ చెప్పడం మొదలుపెట్టాను. గుల్ల ఇటుకకి అది నిజంగానే మంచి పద్ధతి. అసలీ ప్లగ్గుల కథే బాగుంటుంది. 1911 ప్రాంతంలో రాలింగ్స్ అనే లండన్ కాంట్రాక్టరుకి బ్రిటిష్ మ్యూజియం గోడల్ని పాడుచేయకుండా కరెంటు సామాను బిగించాల్సిన పని పడింది. జనపనారని జంతువుల రక్తంతో అతికించి చిన్న గొట్టాలు చేశాడు. మన ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ 'రాల్ ప్లగ్' అనేది ఆయన పేరుతోనే. కాక ఇదంతా ఓపిగ్గా విని, ముందు గదిలోకి తీసుకుపోయాడు.

అక్కడ మా తాత కాలం నాటి చిలుక్కొయ్య ఉంది. దాని మీద ఇప్పటికీ బాపు గొడుగు, అమ్మ సంచి, ఇంటి తాళాల గుత్తి వేలాడుతుంటాయి. అదే రాయి, అదే మట్టి.

"గిది గోడ లేస్తున్నప్పుడే పెట్టిన్రు. దీని తోక లోపల జానెడుంటది. మీదికెల్లి రాళ్ళు పేర్చిన్రు. ఇగ ఎటు పోతది?"

ఇంజనీరింగ్ పుస్తకాలు యాంకర్లని రెండు జాతులుగా విడదీస్తాయి, కాంక్రీటు పోసేటప్పుడే లోపల పెట్టినవీ, గట్టిపడ్డాక వచ్చి బిగించినవీ. సెమిస్టర్ పరీక్షలో రాసే ఉంటాను. చిలుక్కొయ్య మొదటి జాతిదని ముప్పై ఏళ్ళుగా దాని కింద తిరుగుతూ ఒక్కసారి కూడా తట్టలేదు. పాతగోడకి గూళ్ళుంటాయి, కొయ్యలుంటాయి, అన్నీ కట్టేటప్పుడే. తర్వాత వచ్చి కొట్టిన మేకుని అది ఎప్పుడూ పూర్తిగా ఒప్పుకోలేదు. క్యాలెండర్ మేకు కూడా ఏడాదికోసారి మట్టితో సహా రాలేది.

కాక హ్యాండిల్‌ని ఇటుకగోడ వైపు మార్చాడు. తొమ్మిది అంగుళాల గోడ అది. విచ్చుకునే బోల్టులు వద్దన్నాడు. గోడలోంచి అవతలికి ఆరపార రంధ్రాలు కొట్టి, మరలున్న పొడవాటి రాడ్లు దూర్చి, బయట వెడల్పాటి ఇనుప ప్లేటు పెట్టి నట్లు బిగిస్తాడట. లాగితే బరువు ఇటుకలో రంధ్రం మీద కాదు, ప్లేటు కింద ఉన్న గోడ మొత్తం మీద పడుతుంది. ఇందులో గోడ నొక్కాల్సిన పనే లేదు, ఊరికే నిలబడితే చాలు.

ఎత్తు దగ్గర మళ్ళీ తగాదా వచ్చింది. నేను 33 నుంచి 36 అంగుళాలన్నాను. అమెరికా ప్రమాణం అది. హ్యాండిల్ 250 పౌండ్ల బలాన్ని ఆపాలని రాసింది కూడా అందులోనే. కాక నా మాట పట్టించుకోకుండా అమ్మని పిలిచాడు.

"అక్కా, ఒక్కపారి కూసోని లేవు."

అమ్మ సిగ్గుపడుతూ, చీర సర్దుకుని, మూసిన కమోడ్ మీద కూర్చుంది. లేచేటప్పుడు కుడిచెయ్యి దానంతటదే గోడ మీదికి పోయింది. కాక అక్కడ పెన్సిల్‌తో గీత గీశాడు. టేపు పెట్టి కొలిచాను, 27 అంగుళాలు. నేను మొదట పెట్టింది 35 దగ్గర. ఊగకపోయినా అది ఆమెకి అందేది కాదేమో.

మధ్యాహ్నానికి పని అయిపోయింది. రాడ్ల కొసలు బయట పెరట్లోకి రెండేసి అంగుళాలు పొడుచుకొచ్చాయి. గ్రైండర్ ఇంట్లో మరిచి వచ్చానని, మళ్ళీ వచ్చినప్పుడు కోసేస్తానని కాక అన్నాడు. రాలేదు. సంక్రాంతికి నేనే హైదరాబాద్ నుంచి ఒక గ్రైండర్ పట్టుకెళ్ళాను. పెరట్లోకి పోతే ఒక రాడ్‌కి చేట, ఇంకోదానికి బట్టలారేసే తాడు.

"కోసేస్తానమ్మా, గుచ్చుకుంటాయి" అన్నాను.

"గుచ్చుకునేటంత కిందికి లేవు. ఉండనీయ్" అంది.

లోపలికెళ్ళి బాత్రూమ్ తలుపు తీశాను. తువ్వాలు తలుపు మీద ఆరేసి ఉంది.