అర్ధరాత్రి సూర్యుని మంచువాలులపై

ఏప్రిల్ మాసం. ఉదయం తొమ్మిది గంటలు. స్వీడన్ ఉత్తరపు కొసన, నార్వే సరిహద్దును ఆనుకొని ఉన్న రిక్స్‌గ్రెన్సెన్‌లో, మంచును చదును చేసిన ఒక జాగాలో ఐదుగురు మనుష్యులు ఒకరినొకరు ఆనుకొని, మోకాళ్ళపై వంగి కూర్చుని ఉన్నారు. పక్కన స్కీ పలకలను ఒకే మోపుగా కట్టి ఉంచారు. ఆ మోపుపై గైడు తన మోచేతిని ఆనించి ఉన్నాడు. కొండ వెనుకనుండి వచ్చిన హెలికాప్టరు వారి నెత్తిమీదికే దిగుతున్నట్లు దిగుతుంది. దాని రెక్కల గాలికి లేచిన మంచుపొడిలో ఒక నిమిషంపాటు లోకం కనిపించదు. మంచు తేరుకునేసరికి యంత్రం చేయి చాచితే అందేటంత దూరంలో నిలిచి ఉంటుంది. గైడు సైగ చేసేవరకు ఎవరూ తల ఎత్తరు. తిరుగుతున్న రెక్కల కింద నిటారుగా లేవడమంటే ఏమిటో అంతకుముందే ఒకటికి రెండుసార్లు చెప్పి ఉంచుతారు.

యంత్రం చిన్నది. ఆల్ప్స్ మొదలు హిమాలయాల వరకు పర్వత ప్రాంతాలలో విరివిగా వాడే ఫ్రెంచి తయారీ ‘ఎక్యురాయ్’. ఆ మాటకు ఉడుత అని అర్థం. పైలటుతోపాటు ఒక గైడు, నలుగురు స్కీయర్లు అందులో సర్దుకుంటారు. ఐదారు నిమిషాలలో అది వారిని ఒక శిఖరంపై దించి, మళ్ళీ మంచుపొడి రేపి, లోయలోకి జారిపోతుంది. దాని రొద సన్నగిల్లి, చివరకు అణగిపోతుంది. ఆపైన వినవచ్చేది గాలి సవ్వడి ఒక్కటే. పడమట నార్వే సముద్రపు పాయలు, తూర్పున ఇంకా గడ్డకట్టే ఉన్న టోర్నెట్రెస్క్ సరస్సు, మధ్యలో పేరు ఉన్నవీ లేనివీ వందలాది తెల్లని కొండలు. పాదముద్ర ఎక్కడా లేదు.

ఎక్కడానికి ఒక పూట పట్టే కొండను యంత్రం క్షణాలమీద ఎక్కించింది. కాని కాలినడకన ఎక్కివచ్చేవాడికి దారి పొడుగునా ఆ కొండ ఎన్నో సంగతులు చెబుతుంది. ఇక్కడ మంచు గుల్లగా ఉన్నది, అక్కడ అడుగు వేయగానే ‘ధబ్’ మని కుంగింది, ఆ మలుపు దగ్గర గాలి మంచును పలకలుగా పేర్చి పెట్టింది, అని. గాలిలో ఎగిరి వచ్చినవాడికి ఆ కబుర్లేవీ అందవు. అతడు ఏమీ తెలియకుండానే శిఖరాగ్రాన నిలబడతాడు. హెలికాప్టరు స్కీయింగులోని ఆనందమూ ప్రమాదమూ రెండూ ఇక్కడే ఉన్నాయి. తెలియనిదాన్ని కొద్ది నిమిషాలలో తెలుసుకోవడమే గైడు పని.

రిక్స్‌గ్రెన్సెన్ అంటే స్వీడిష్ భాషలో ‘దేశపు సరిహద్దు’. ఆర్కిటిక్ వలయానికి ఇది సుమారు 200 కిలోమీటర్లు ఉత్తరాన ఉన్నది. కిరునా గనులలో తవ్విన ఇనుప ఖనిజాన్ని, శీతకాలంలోనూ గడ్డకట్టని నార్వే రేవు నార్విక్‌కు చేర్చడానికి కొండలను తొలిచి రైలుమార్గం వేయకపోతే ఇక్కడ ఎవరూ ఉండేవారు కాదు. ఆ మార్గంపై 1902లో ఖనిజం కదిలింది. 1903 జూలైలో రాజు రెండవ ఆస్కార్ వచ్చి దానిని లాంఛనంగా ప్రారంభించాడు. మోటారు రోడ్డు వచ్చింది మాత్రం 1984లో. అంతవరకు రైలు తప్పితే గతి లేదు. ఆ గనుల కారణంగానే నేల కుంగుతున్నదని కిరునా పట్టణాన్నే పక్కకు జరుపుతున్నారు. 1912 నాటి కొయ్య చర్చిని 2025 ఆగస్టులో చక్రాల బళ్ళపై నిలువునా ఐదు కిలోమీటర్లు తరలించారు. ఇనుముకోసం ఊరినే కదిపే దేశంలో, మంచుకోసం మనుషులను గాలిలో మోయడం పెద్ద వింతగా తోచదు.

ఈ కొండల ఎత్తు వింటే భారతీయ పాఠకులకు నవ్వు రావచ్చు. స్వీడన్ అంతటికీ ఎత్తైన కెబ్నెకైసె శిఖరం 2,097 మీటర్లు. మన ఊటీ బజారు సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉన్నది! అయితే ఊటీలో కారెట్లు పండే ఎత్తున ఇక్కడ హిమానీనదాలు ఉన్నాయి. ఆరేడు వందల మీటర్లు దాటితే పొట్టి బర్చి చెట్లు సైతం బతకవు. ఆపైన అంతా బట్టతల వాలులే. స్కీ పలకలకు అడ్డుతగిలే చెట్టు ఒక్కటీ ఉండదు. అట్లాంటిక్ నుండి వచ్చే తేమగాలి ఈ సరిహద్దు కొండలకు తగిలి తన బరువంతా దింపుకుంటుంది. ఇక్కడికి దగ్గరనే ఉన్న కొప్పరోసెన్‌లో 1926 ఫిబ్రవరిలో కొలిచిన 327 సెంటీమీటర్ల మంచుమందం స్వీడన్‌లో నేటికీ రికార్డే. కొండలు దాటి కొద్ది దూరం తూర్పుకు వెళితే, అబిస్కోలో సంవత్సరానికి సుమారు 300 మిల్లీమీటర్ల వానా మంచూ మాత్రమే పడతాయి. దేశంలోకెల్లా పొడిగా ఉండే చోటు అదే. గంటసేపటి రైలు ప్రయాణంలోనే కోనసీమనుండి అనంతపురం చేరినట్లు!

హెలికాప్టరు స్కీయింగును వ్యాపారంగా మొదలుపెట్టినవాడు హాన్స్ గ్మోజర్. ఆస్ట్రియాలో పుట్టి కెనడాకు వలస వెళ్ళిన ఈ పర్వతారోహకుడు 1965లో అక్కడి బుగబూ పర్వతాలలో ఇందుకు శ్రీకారం చుట్టాడు. అది అక్కడినుండి అలాస్కాకు, న్యూజిలాండుకు, మన దేశంలో మనాలీకి, గుల్మార్గ్‌కు పాకింది. అన్ని దేశాలూ దీనిని ఆదరించలేదు. ఫ్రాన్సు 1985 నాటి పర్వత శాసనంతో వినోదం కోసం కొండలపై హెలికాప్టర్లు దిగడాన్ని నిషేధించింది. నార్వేలో 1977 నాటి చట్టం బీడు భూములలోను, కొండలలోను మోటారు వాహనాల రాకపోకలను కట్టడి చేసినందువలన అక్కడా ఈ క్రీడకు దాదాపు తావు లేదు. స్వీడన్‌లో జాతీయోద్యానాల వంటి రక్షిత స్థలాలను మినహాయిస్తే అనుమతి ఉన్నది. అందువల్ల రిక్స్‌గ్రెన్సెన్ పైన ఎగిరే పైలటుకు ఒక కంటికి స్వర్గద్వారం, రెండవ కంటికి మూసిన తలుపు కనిపిస్తాయి. గీత ఇవతలి శిఖరంపై దిగవచ్చు. అంతే అందమైన అవతలి శిఖరంపై దిగరాదు.

ఇక శిఖరం మీదికి మళ్ళీ వద్దాం. గైడు ముందుగా చేసేది మంచును తవ్వడం. పార తీసుకొని మీటరు లోతున గొయ్యి తీసి, నిలువుగా చెక్కిన గోడను చేతితో తడిమి చూస్తాడు. శీతకాలపు మంచు పుట్టుమచ్చల శాస్త్రం వంటిది. ప్రతి పొరా ఏదో జరిగిన రోజును చెబుతుంది. ఇది జనవరిలో వీచిన గాలి పేర్చిన గట్టి పలక. ఇది ఒకనాటి వెచ్చని వానకు తడిసి గడ్డకట్టిన పెంకు. అన్నిటికంటె అడుగున, నేలను ఆనుకొని, కల్లుప్పు వంటి పలుకులు. పిడికిట పట్టినా ముద్ద కట్టదు, వేళ్ళ సందులనుండి జారిపోతుంది. శరత్కాలంలో పడిన పలుచని మంచు, కింద వెచ్చదనానికి పైన చలికి మధ్య నలిగి ఇలా మారుతుంది. గట్టి పలక ఒకటి ఈ పలుకులపై నిలబడి ఉన్నదంటే, ఇసుకపై గోడ కట్టినట్లే. ఒక మనిషి బరువు చాలు, గోడ కదలడానికి.

మంచుచరియలు ఎక్కువగా 30 నుండి 45 డిగ్రీల వాలులలో తెగిపడతాయి. స్కీయర్లు కోరేది సరిగ్గా ఆ వాలులనే. ప్రాణాలు తీసిన చరియలలో అత్యధికం, చిక్కుకున్నవారో వారి తోటివారో తమకు తామే కదిలించినవి. పూడుకుపోయినవారిని పది, పదిహేను నిమిషాలలోపల తీయగలిగితే చాలామంది బతుకుతారు. అరగంట దాటితే బతికేవారు కొద్దిమంది. కిరునా నుండి సహాయం వచ్చేసరికి ఆ గడువు ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది. కాబట్టి రక్షించవలసింది పక్కనున్నవాడే. ప్రతి ఒక్కరి ఛాతీకి రేడియో సంకేతాలను పంపే, పట్టుకునే చిన్న పెట్టె. వీపు సంచిలో మడత కడ్డీ, పార. ఉదయం తొలి ఎగురుడుకు ముందే, మంచులో దాచిన పెట్టెను వెతికి తవ్వి తీసే అభ్యాసం అందరిచేతా చేయిస్తారు. మొదటిసారి వచ్చినవారు నవ్వుతూ మొదలుపెట్టి, గడియారం చూసుకున్నాక నవ్వు మానుకుంటారు.

గొయ్యి పూడ్చి గైడు లేచి నిలబడి, తల అడ్డంగా ఊపితే, ఆ వాలు ఆనాటికి లేనట్లే. ఎన్ని వేల క్రోనార్లు చెల్లించి వచ్చినా, ఎంత దూరంనుండి వచ్చినా వాదం లేదు. పక్కనున్న మెత్తని వాలున ఒక్కొక్కరే, ఒకరి తరువాత ఒకరు దిగుతారు. ఒకరు దిగి ఒడ్డున చేరేదాకా మరొకరు కదలరు. ఎనిమిది వందల మీటర్ల దిగుడు, ఐదారు నిమిషాలు. మోకాళ్ళవరకు లేచే పొడిమంచులో మనిషి దిగుతున్నాడా తేలుతున్నాడా అన్నది పోల్చుకోలేము. అడుగున చేరినవారు మాట్లాడరు. కొందరు ఊరకే నవ్వుతూ ఉంటారు.

గైడు గోతి అడుగున చూసి భయపడిన ఆ కల్లుప్పు పలుకులకు ఈ నేల అసలు వాసులైన సామీ జాతివారి భాషలో ఒక పేరు ఉన్నది: సెయంగాష్. వారికి అది శుభవార్త. రెయిన్‌డీర్లు గిట్టలతో మంచును తవ్వి, అడుగున పెరిగే లైకెన్‌ను తిని శీతకాలం గడుపుతాయి. అది మన మసాలా దినుసులలోని రాతిపువ్వుకు దూరపు చుట్టం. అడుగుమంచు గుల్లగా ఉంటే జంతువు సులభంగా మేతను చేరుతుంది. కరిగించి నీరు కాచుకోవడానికీ అదే మేలు. అడుగున మంచు గడ్డకట్టి నేలకు అతుక్కుపోతే మాత్రం, మేత కంటి ఎదుటనే ఉన్నా అందదు. మంద ఆకలికి మాడుతుంది. ఒకే మంచుపొర ఒకరికి ప్రాణాపాయం, మరొకరికి ప్రాణాధారం! శీతకాలం నడుమ వానలు పడి, పిమ్మట గడ్డకట్టే రోజులు ఇటీవల పెరిగినందువలన సామీ పెంపకందారులు మేత కొని మందలకు వేయవలసి వస్తున్నది.

స్వీడన్‌లో రెయిన్‌డీర్లను పెంచే హక్కు సామీలకే ఉన్నది. వసంతంలో మందలు కొండలవైపు కదులుతాయి. మే నెలలో ఈనుతాయి. చూలుతో ఉన్న జంతువు తలపై హెలికాప్టరు రొద చేస్తే బెదిరి పరుగెత్తుతుంది; శీతకాలమంతా చిక్కి ఉన్న దాని ఒంట్లో పరుగుకు మిగిలిన శక్తి ఎంత! స్కీయర్లకు మంచి మంచు దొరికే రోజులూ ఇవే కావడం ఈ వివాదానికి మూలం. ఇందులో ఒక మెలిక కూడ ఉన్నది: విశాలమైన కొండలలో చెదరిన మందలను కూడగట్టడానికి సామీలు సైతం మంచు స్కూటర్లతోపాటు హెలికాప్టర్లను వాడుతున్నారు. కాబట్టి వారి ఫిర్యాదు యంత్రంపై కాదు, వేళపైనా దారిపైనా. మంద ఏ లోయలో ఉన్నదో వారిని అడిగి తెలుసుకొని, ఆ లోయను తప్పించి ఎగరడం మర్యాద తెలిసిన పైలటు లక్షణం. ఆ మర్యాద అందరికీ ఒకేలా ఉండదు.

దక్షిణాన, ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున, కెబ్నెకైసె జంట శిఖరాలు కనిపిస్తాయి. ఫ్రెంచివాడైన షార్ల్ రబో 1883లో దానిని మొదట ఎక్కినప్పుడు హిమానీనదం కిరీటంగా ఉన్న దక్షిణ శిఖరమే ఎత్తైనది. ఆ కిరీటం ఏటేటా కరుగుతూ వచ్చింది. 2019లో కొలిచినప్పుడు అది 2,095.6 మీటర్లకు దిగిపోయింది. రాతితో నిండిన ఉత్తర శిఖరం 2,096.8 మీటర్లతో పెద్దన్న స్థానం పొందింది. స్వీడిష్ పిల్లలు తరతరాలుగా బడిలో నేర్చిన పాఠం మారిపోయింది. ఆ పక్కనే టార్ఫల లోయలో 1946 నుండి శాస్త్రజ్ఞులు ఒక హిమానీనదాన్ని ఏటా కొలుస్తూ ఉన్నారు. ఇంత దీర్ఘకాలం ఎడతెగక సాగిన ఇటువంటి కొలత లోకంలో మరెక్కడా లేదు. గంటకు నూట యాభై లీటర్లకు పైగా ఇంధనం తాగే యంత్రంలో కూర్చుని ఈ దృశ్యం చూసేవారికి మనసులో ఏదో గుచ్చుకోకుండా ఉండదు. గుచ్చుకున్నా, మరుసటి సంవత్సరం మళ్ళీ వస్తారు.

ఈ కొండలు యంత్రాన్ని ఎల్లప్పుడూ మన్నించవు. 2012 మార్చి 15న నార్వే సైన్యపు హెర్క్యులిస్ విమానం మబ్బులలో కెబ్నెకైసె కొండను ఢీకొన్నది. అందులోని ఐదుగురూ మరణించారు. అందుకే మబ్బు దిగిన రోజున ఇక్కడ ఎవరూ తొందరపడరు. తెల్లని ఆకాశం తెల్లని నేలతో కలిసిపోతే, పైలటుకు తన కాళ్ళ కింద నేల పది మీటర్ల దూరంలో ఉన్నదో వంద మీటర్ల దూరంలో ఉన్నదో తెలియదు. చూపు నిలపడానికి ఒక నల్లరాయి అయినా కనిపించాలి. వారం రోజులకని వచ్చినవారు రెండు మూడు రోజులు హోటలు కిటికీ పక్కన పేకాడుతూ గడపడం మామూలే. ఖనిజం రైళ్ళు మాత్రం మబ్బునీ మంచునీ లెక్కచేయక, పొడుగాటి పెట్టెల వరుసలతో నార్విక్ వైపు సాగుతూనే ఉంటాయి.

మే నెల వచ్చేసరికి రాత్రి మాయమవుతుంది. నెల చివరి వారంనుండి సూర్యుడు అస్తమించడు. అప్పటికి పొడిమంచు కాలం ముగిసి, రాత్రి చలికి పెంకు కట్టి పగటి ఎండకు రెండు మూడు సెంటీమీటర్లు మెత్తబడే మంచు వస్తుంది. ఆ మెత్తదనం వాలు వాలుకు వేళ మార్చుకుంటుంది. ఉదయం తూర్పు ముఖం, మధ్యాహ్నం దక్షిణం, సాయంకాలం పడమర. ఆ గంట దాటితే మంచు బురదై, అదీ ప్రమాదమే. గైడు చేతిలో వాచీ ఉంటుంది, కాని అతడు చూసేది సూర్యుని వైపే. వాయవ్యాన కొండల వెనుకకు పోకుండా పక్కకు దొర్లుతున్న ఎర్రని సూర్యుడు ఉత్తరపు వాలులను ఏటవాలుగా తాకుతాడు. రాత్రి పదకొండు గంటలు. స్కీ పలకల కింద కరకరమని చప్పుడు. దిగుతున్న మనుషుల నీడలు వారికంటె పది రెట్లు పొడుగై, ఎదుటి కొండ మీదికి పాకుతున్నాయి. లోయ అడుగున గైడు చేయి ఎత్తి అందరినీ ఆపుతాడు. దూరాన, బర్చి చెట్ల అంచున, ఇరవై ముప్పై రెయిన్‌డీర్లు, వాటి వెంట కొత్త కాళ్ళపై తడబడే రెండు దూడలు. ఐదుగురూ పలకలు విప్పి మంచుమీద కూర్చుంటారు. గైడు రేడియో తీసి, ఇక్కడికి రావద్దని, పక్క లోయలో దిగమని హెలికాప్టరుకు కబురు చేస్తాడు. పక్క లోయ వరకు గంటన్నర నడక.