మసమునె సమాధిలో పెన్సిల్

జపాన్‌లోని సెందాయ్ నగరంలో, హిరోసె నదికి ఆనుకుని క్యోగమినె అనే గుట్ట ఉంది. ఇరువైపులా సుగి చెట్లు కమ్ముకున్న రాతిమెట్లెక్కి ద్వారం దాటగానే కళ్ళు జిగేల్‌మంటాయి. నల్లటి లక్క పూత, బంగారు తాపడం, ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగులద్దిన చెక్కడాలు. ఇది జుయిహోదెన్, సెందాయ్‌కి పునాది వేసిన దాతె మసమునె సమాధి మందిరం.

1567లో పుట్టిన మసమునెకి చిన్నతనంలోనే మశూచి సోకి కుడికన్ను పోయింది. తరవాతి తరాలు అతన్ని 'ఒంటికన్ను డ్రాగన్' అని చెప్పుకున్నాయి. యుద్ధాలతో ఎదిగినవాడి చూపు సముద్రాల అవతలికీ పోయింది. 1613లో ఓడ కట్టించి, హసెకురా త్సునెనగని రాయబారిగా స్పెయిన్‌కీ రోమ్‌కీ పంపాడు. 1636లో మసమునె కన్నుమూశాక, మరుసటి ఏడు కొడుకు తదమునె ఈ మందిరం కట్టించాడు.

ఆ మందిరం 1945 జులైలో బాంబుదాడికి కాలిపోయింది. ఇప్పుడున్నది 1979లో మళ్ళీ కట్టింది.

ఈ సంగతి తెలియగానే యాత్రికుల ఉత్సాహం కాస్త తగ్గడం సహజమే. కానీ మసమునెని దగ్గరగా చూసే వీలు కలిగింది ఈ పునర్నిర్మాణం వల్లే. పనులకు ముందు, 1974లో, సమాధిని తవ్వి పరిశోధించారు. ఎముకల్ని బట్టి మనిషి ఎత్తు సుమారు 159 సెంటీమీటర్లని తేలింది. పుర్రె ఆధారంగా ముఖాన్ని తీర్చిదిద్దారు. దాన్ని అక్కడి మ్యూజియంలో చూడవచ్చు. కత్తి, కవచం దొరకడంలో వింత లేదు. వాటితోపాటు ఒక పెన్సిల్ కూడా బయటపడింది! సుమారు ఏడు సెంటీమీటర్ల సన్నటి పుల్ల, కొసన గ్రాఫైట్ ముక్క. జపాన్‌లో దొరికిన అతి పాత పెన్సిళ్ళలో అదొకటి. స్వహస్తంతో విరివిగా ఉత్తరాలు రాసిన మనిషి పక్కన అది ఉండటం ఎంత సబబు! రణరంగంలో పేరు మోసిన యోధుడు, కూర్చుని రాసుకునే మనిషిగా అక్కడే మన ఎదుటికొస్తాడు.

బంగారు ముఖద్వారం ముందు ఫొటోలు దిగి వెనుదిరిగేవాళ్ళు మందిరం పక్కనున్న రాతి స్మారకాలను కూడా చూడాలి. మసమునె చనిపోయినప్పుడు అతని అనుచరులు పదిహేను మంది, ఆ అనుచరుల సేవకులు మరో ఐదుగురు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభువు వెంట ఇలా చనిపోవడాన్ని అప్పట్లో విధేయతగా గౌరవించేవారు. మరో 27 ఏళ్ళకు, 1663లో, తోకుగావా ప్రభుత్వం ఈ ఆచారాన్ని నిషేధించింది.