పైనుంచి వచ్చిందే

సింగపూరులో ఉంటున్నానని తెలిస్తే మా కాట్రేనికోనలో నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "అక్కడ రోడ్డు మీద ఉమ్మితే జైల్లో వేసేత్తారంట కదండీ?" జైలు కాదండీ, జరిమానా అంటే కాస్త చప్పబడిపోతారు. మళ్లీ తేరుకుని, "ఏదైతేనేం, భయం ఉంది. మనవాళ్లకి భయం లేదండీ" అని తేల్చేస్తారు. టీ కొట్టు దగ్గర ఆ తీర్పుకి అప్పీలు ఉండదు.

నాకైతే ఆ భయం సిద్ధాంతం మీద పెద్ద నమ్మకం లేదు. సింగపూరులో హాకర్ సెంటర్లనే తిండి అంగళ్లలో తిన్న ట్రే తిన్నవాళ్లే తీసి అరలో పెట్టాలని ప్రభుత్వం ఏళ్ల తరబడి బతిమాలింది. పోస్టర్లు వేసింది, ప్రచారాలు చేసింది. అయినా తీసేవాళ్లు ముగ్గురిలో ఒకరే. తీయనివాళ్లు చెడ్డవాళ్లేం కాదు. 'నేను తీసేస్తే క్లీనర్ అమ్మ పని పోదా' అని వాళ్ల ధర్మం వాళ్లు చెప్పేవారు. 2021 సెప్టెంబరు 1 నుంచి తనిఖీలు మొదలయ్యాయి. మొదటిసారి రాతపూర్వక హెచ్చరిక, మళ్లీ దొరికితే 300 డాలర్లు. చూస్తుండగానే ట్రేలు తీసేవాళ్లు ఎక్కువమందీ, వదిలేసేవాళ్లు తక్కువమందీ అయిపోయారు.

చూశారా, భయమే అంటారు మావాళ్లు. కానీ ఆ జరిమానా కట్టినవాడు నా ఎరుకలో ఒక్కడూ లేడు. నేను చూసింది వేరు. ఒక పెద్దాయన కాఫీ తాగి లేచి నాలుగడుగులు వేశాడు. పక్క బల్ల పిల్లలు ట్రేలు పట్టుకుని వెళ్తుంటే చూసి వెనక్కి వచ్చి, తన కప్పు తీసుకుని వాళ్ల వెనకే నడిచాడు. దగ్గర్లో తనిఖీవాడెవడూ లేడు. ఆ చట్టం ఎంతమందిని భయపెట్టిందో గానీ, అందరూ ఒకేసారి మొదలుపెట్టడానికి ఒక తేదీ మాత్రం ఇచ్చింది. నేనొక్కణ్నే తీస్తే వెర్రివాడిలా కనపడతానన్న మొహమాటం ఆ తేదీతో తిరగబడి, నేనొక్కణ్నే వదిలేస్తే ఎలాగన్న మొహమాటమైంది. (ఈ ఊరి శుభ్రమంతా పౌరుల గొప్పే అనుకోకండి. తెల్లారకముందే మన దేశం నుంచీ బంగ్లాదేశ్ నుంచీ వచ్చిన కూలీలు ఊడ్చి వెళ్తారు.)

ఇక మా ఊరి కాలువ సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బొబ్బర్లంకలో బయల్దేరిన నీళ్లు లొల్ల లాకుల దగ్గర పాయలుగా విడిపోయి, ఊరూరూ తిరిగి చివరికెప్పుడో మా శివారుకి వస్తాయి. నీళ్లు చాలీచాలకుండా వస్తాయి గానీ చెత్తకి కొరత లేదు. వేసవిలో కాలువలు కట్టేశాక అడుగు బయటపడుతుంది: ఎండిన గుర్రపుడెక్క, దాంట్లో చిక్కుకున్న కవర్లు, కోడి ఈకలు మూటగట్టిన సంచులు, ఎవరిదో పెళ్లి ఫ్లెక్సీ.

మా పిన్ని వాకిలి మీరు చూడాలి. చీకటితోనే ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టేస్తుంది. ఎండుటాకు పడితే వంగి తీస్తుంది. ఆ ఊడ్చిన తుక్కు, వంటింటి కవర్లతో సహా, కాలువ గట్టు దిగువకి పోతుంది. ఏంటి పిన్నీ ఇది అంటే, "నేను మానేత్తే కాలవ తేటైపోద్దేంట్రా? అదంతా పైనుంచి వచ్చిందే. ముందు పైవాళ్లని మానమను" అంది.

కోపం తెప్పించే మాటే గానీ, లెక్క తప్పని మాట. శివారు మనిషికి కాలువ నేర్పే పాఠం అదే. నీళ్ల వంతులోనూ పైవాడే ముందు, చెత్తలోనూ పైవాడే ముందు. మరి పై ఊరికి వెళ్లి అడిగితే వాళ్లకీ ఒక పై ఊరుంది. అలా అడుగుతూపోతే బొబ్బర్లంక దాకా దోషి దొరకడు. కింద మాత్రం ఎవరూ లేరనుకుంటాం, సముద్రమే కదా అని. ఆ మధ్యలో బలుసుతిప్ప ఉంది, మడ అడవులున్నాయి, పాయల్లో వల వేసి కవర్లు దులుపుకునే మనుషులున్నారు. వాళ్లకీ మనమే 'పైవాళ్లం'.

గట్టు మీద ఒక బోర్డుంది, 'ఇచ్చట చెత్త వేయరాదు' అని. దాని కిందే పెద్ద కుప్ప. కొత్తవాడికి చెత్త ఎక్కడ వెయ్యాలో చెప్పేది ఆ బోర్డు కాదు, ఆ కుప్ప. రాబర్ట్ చాల్దీని అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన బృందంతో అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ పార్కులో దీన్నే పరీక్షించాడు. అక్కడ రాయిగా మారిన చెక్క ముక్కల్ని సందర్శకులు జేబులో వేసుకుపోతుంటారు. 'తీసుకెళ్లకండి' అన్న బోర్డు పెట్టిన చోట గుర్తుపెట్టిన ముక్కల్లో 2 శాతం లోపే పోయాయి. 'ఇప్పటికే చాలామంది తీసుకెళ్లిపోయారు' అని వాపోయిన బోర్డు దగ్గర దాదాపు 8 శాతం పోయాయి. మన ఊళ్ల మైకు ప్రసంగాలన్నీ ఈ రెండో బోర్డు బాపతే. జనం మారరు, అందరూ పారేస్తున్నారు అని మనమే చాటింపు వేసి, అందరితో పాటూ పారెయ్యమంటున్నాం.

మా కోనసీమ మనిషికి బాధ్యత తెలీదంటే మాత్రం ఒప్పుకోను. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి కుర్రాళ్లు మోసుకెళ్లే దేవుడి ప్రభలు పచ్చటి పొలాల్లోంచే వెళ్తాయి. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా చూపించింది ఆ ప్రభల తీర్థాన్నే. ఊడ్చిన వరి వందల పాదాల కింద నలిగిపోతుంటే రైతు గట్టు మీద నిలబడి దండం పెడతాడు. జానెడు గట్టు కోసం కోర్టుకెక్కే రైతే. ఆ రోజు అతన్ని జరిమానా భయపెట్టదు, ఉపన్యాసం ఒప్పించదు. ఆ ప్రభ మా ఊరిది, మోసేది మా కుర్రాళ్లు, నలుగురూ చూస్తున్నారు, పక్క చేనువాడూ అడ్డు చెప్పలేదు. ఆ నాలుగూ కుదిరితే పంట పోయినా పరవాలేదు. కాలువ విషయంలో నాలుగింట్లో ఒక్కటీ కుదరలేదు. నీళ్లు ఇరిగేషన్ వాళ్లవి, గట్టు పంచాయతీది, చెత్త పైవాళ్లది.

ఇదే మా ఊరివాళ్ల వాట్సాప్ గుంపులో రాశాను. కువైట్ నుంచి ఒకాయన సీసీ కెమెరాలకి చందా ఇస్తానన్నాడు. డల్లాస్ తమ్ముడు ఇంకో బోర్డు, ఈసారి లైటుతో, అన్నాడు. నేను అడిగింది చిన్నది: ఈ వేసవి కాలువ కట్టేశాక ఒక్క రేవు, ఒక్క వీధివాళ్లు, ఒక్క రోజు. తీశాక అక్కడ 'ఇది ఫలానా వీధి రేవు' అని మాత్రం రాయాలి, వద్దని ఏమీ రాయకూడదు. ఆలోచన బాగుందన్నారు. ఏ వీధి రేవుతో మొదలుపెట్టాలన్న దగ్గర ప్రస్తుతం గొడవ నడుస్తోంది. ఎవరి వీధి పేరు వాళ్లు పంపుతున్నారు, నేనూ పిన్ని వాళ్ల వీధి పేరు పంపాను.