మా కాలనీలో నాలుగు తెల్ల డబ్బాలు

తలకోనకు పోయే దారిలో, శేషాచలం కొండల అడుగున మా యానాది కాలనీ ఉంది. ముప్ఫై ఇళ్ళు కూడా ఉండవు. తూర్పున కొండ, పడమర చింతతోపు, తోపు దాటితే తారు రోడ్డు. ఇక్కడ సెల్ సిగ్నల్ ఇంట్లో దొరికే వస్తువు కాదు. కట్టెల్లాగా, నీళ్ళలాగా బయటికి పోయి తెచ్చుకోవాలి. నీళ్ళ ట్యాంకు మెట్ల మీద రెండు గీతలు, రోడ్డు కల్వర్టు మీద మూడు, మా మిద్దె వాయువ్యం మూల ఒకటి. తేనెపట్టు ఏ చెట్టుకుందో అందరికీ తెలిసినట్టే, సిగ్నల్ ఎక్కడుందో కూడా కాలనీలో అందరికీ తెలుసు.

తెలిసినంత మాత్రాన అందరూ పోలేరు. పొద్దుగూకినాక కల్వర్టు మీద కూర్చునేది మగపిల్లలే. 2020లో కరోనాకు బడులు మూసి ఫోన్లలో పాఠాలు చెప్పిన రోజుల్లో మా చెల్లెలి కూతురు తొమ్మిదో తరగతి. మూడు గీతల కోసం రోడ్డు మీద కూర్చోవాలంటే తాగి పోయేవాళ్ళ చూపులు, ట్యాంకు ఎక్కుదామంటే కొండ నుంచి దిగే చిరుతల భయం. సప్తగిరి టీవీలో వచ్చిన పాఠాలు కొన్ని చూసింది. అర్థం కానిది అడిగితే టీవీ తిరిగి చెప్పదు కదా. ఆ పిల్ల పదో తరగతి వరకు వచ్చి ఆగిపోయింది. ఆగడానికి ఇంటి కారణాలు కూడా ఉన్నాయి గాని, ఆ ఏడాది తెగిన దారం మళ్ళీ ముడిపడలేదని నేను గట్టిగా అనుకుంటాను.

2025 ఏప్రిల్ 20న 16,347 టీచరు పోస్టులకు మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. మా అన్న కొడుకు డీఎడ్ చేసినవాడు. నా తరవాత మా ఇంట్లో టీచరు అయ్యే అవకాశం ఉన్నది వాడికే. పరీక్ష కంప్యూటర్ మీద. అలవాటు కావాలంటే కంప్యూటర్ మీదే నమూనా పరీక్షలు రాయాలి. వాడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొని, ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసుకొని ట్యాంకు మెట్ల మీద కూర్చునేవాడు. గాలి అటు తిరిగితే ప్రశ్న సగంలో ఆగిపోయేది. "అత్తా, నాకు లెక్కలు రాక పోలేదు, గీతలు రాక పోతాండాది" అన్నాడు ఒక రాత్రి. అప్పుడు నిర్ణయించుకున్నాను, సిగ్నల్‌ను ట్యాంకు మీద నుంచి ఇళ్ళలోకి దించాలని.

మా కాలనీకి ఫైబర్ వైరు లేదు. కాబట్టి సెల్ టవరు నుంచి వచ్చేదే ఆధారం. తిరుపతి పోయి సిమ్ వేసుకునే 4జీ రౌటర్ ఒకటి, మూడు డబ్బాలున్న మెష్ సెట్టు ఒకటి కొన్నాను. రెండూ కలిపి పది వేలు దాటింది. కొట్టాయన "ఒక రిపీటర్ చాలు కదమ్మా, ఎందుకింత ఖర్చు" అన్నాడు. ఒక గదికైతే చాలు. మావి ఎదురూబొదురూ నాలుగిళ్ళు: నాది, అన్నది, చెల్లెలిది, అమ్మది. చవక రిపీటర్ విన్నదాన్నే మళ్ళీ అరుస్తుంది, వినడానికీ అరవడానికీ ఒకటే గొంతు కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. మెష్ డబ్బాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకొని, ఏ దారి బాగుంటే ఆ దారిన పంపుతాయి. నాలుగిళ్ళలోనూ పేరు ఒకటే, పాస్‌వర్డ్ ఒకటే. అమ్మ ఇంట్లో మొదలుపెట్టిన పాఠం అన్న ఇంటి అరుగు మీద ముగించవచ్చు.

చేసే పద్ధతి కొంచెం వివరంగా చెబుతాను, టీచర్లకు పనికొస్తుంది. ముందు రౌటర్‌కు చోటు వెతకాలి. ఫోన్లో గీతలు చూసి మోసపోకూడదు. రౌటర్ సెట్టింగుల్లో డీబీఎం అని ఒక అంకె ఉంటుంది. అది మైనస్‌లో ఉంటుంది. మా హాల్లో మైనస్ 113. మిద్దె మీద మెట్లగది కిటికీలో పెట్టి, దాని ఆంటెన్నా తీసి వాయువ్యం మూల కర్రకు కట్టిన పెద్ద ఆంటెన్నా తగిలిస్తే మైనస్ 98. ఈ పదిహేను తేడా చిన్నదేమీ కాదు, సుమారు ముప్ఫై రెట్ల బలం. ఏడో తరగతి చదివే అన్న కూతురు పక్కనే నిలబడి "98 కన్నా 113 పెద్దది కదా అత్తా" అంది. సంఖ్యారేఖ గీసి చూపించాను. రుణసంఖ్యలు చెప్పడానికి అప్పు, చలి తప్ప ఇంకో ఉదాహరణ దొరికిందని నాకు సంతోషమైంది.

ఇంకో సంగతి. టవరు నుంచి వచ్చే కెరటాలన్నీ ఒకటి కాదు. 850 మెగాహెర్ట్‌జ్ కెరటం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు, 2300ది 13. పొడుగు కెరటం కొండ అంచునో గోడ అంచునో ఒరుసుకొని వంగి రాగలదు. పొట్టిది ఎక్కువ సరుకు మోస్తుంది గాని అడ్డం వస్తే ఆగిపోతుంది. మాలాంటి చోట తక్కువ అంకె బ్యాండే దిక్కు.

రౌటర్ నుంచి వైరు కిందికి దించి మొదటి మెష్ డబ్బాకు పెట్టాను. ఇక్కడ యాప్‌లో మెష్‌ను యాక్సెస్ పాయింట్ అనే పద్ధతికి మార్చాలి. లేకపోతే రౌటరూ మెష్సూ రెండూ ఎవరికి వారే ఫోన్లకు అడ్రసులు పంచుతాయి, ఒక తరగతిలో ఇద్దరు టీచర్లు ఒకేసారి హాజరు పిలిచినట్టు ఉంటుంది. మిగతా రెండు డబ్బాలు ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చర్చ అయింది. వైఫై రాని మూలన పెట్టాలని మా అన్న. రాని చోట పెడితే దానికే ఏమీ రాదు, మనకేం ఇస్తుంది? సగం దూరంలో, ఇంకా బాగా అందే చోట పెట్టాలి. అన్న ఇంటి వీధి కిటికీలో ఒకటి, చెల్లెలి ఇంటి కిటికీలో ఒకటి. ఎదురెదురు కిటికీలైతే మధ్యలో గాలి తప్ప ఏమీ ఉండదు. రాతి గోడ మధ్యలో పడితే సగం మింగేస్తుంది. అమ్మ ఇంటికి చెల్లెలి ఇంటి డబ్బానే సరిపోయింది. కరెంటు పోతే అన్నీ చస్తాయి కాబట్టి రౌటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టాము.

తరవాత వచ్చింది అసలు తగవు: పంపకం. రోజుకు మూడు జీబీలు, అవి అయిపోతే నత్తనడక. 480పీలో గంట వీడియోకు సుమారు అర జీబీ పోతుంది. మొదటి వారం సాయంత్రం ఆరుకే అయిపోయేది. అమ్మ దగ్గర పంచాయితీ. అమ్మకు జీబీ తెలియదు గాని పంపకం తెలుసు. "మీ నాయన తేనె తీసినప్పుడు చెట్టెక్కినోడికి వాటా, తాడు పట్టినోడికి వాటా, కింద కూసోనుండే ముసిలాయనకీ వాటా. పసిబిడ్డలకు ముందు. అట్లనే జేసుకోండి" అంది. ఆరు నుంచి ఎనిమిది బడిపిల్లలకు, ఎనిమిది నుంచి డీఎస్సీకి, సినిమాలు ఆదివారం. రౌటర్ సెట్టింగుల్లో ఏ ఫోన్‌కు ఏ వేళలో ఇవ్వాలో పెట్టుకోవచ్చు. మా అన్న సీరియల్ ఆగిపోయినప్పుడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పేరు దగ్గర ఇంకో మాట వచ్చింది. అన్న కూతురు వైఫైకి 'యానాది నెట్' అని పెట్టింది. రోడ్డు మీద పోయేవాడి ఫోన్లో కనిపించకపోయినా, కాలనీలోకి వచ్చే ప్రతివాడికీ ఆ పేరు కనిపిస్తుంది. అన్నకు నచ్చలేదు. "మేయ్, ఆ పేరుతో మనల్ని తిట్టింది చాల్లేదా?" అన్నాడు. ఆయన కోపం నాకు తెలుసు. నేర జాతుల చట్టం కింద మా యానాదుల్లో కొన్ని గుంపులకు కూడా ముద్ర వేశారు. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. చట్టం పోయినా పేరు పలికే యాస పోలేదు. ఆ పిల్ల మాత్రం "మన పేరు మనం రాసుకుంటే తిట్టెట్లవుతాది నాయనా" అని అడిగింది. పేరు అట్లే ఉంది.

మా బడిలో పిల్లలను ఫోన్ సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే అందరూ ఆకాశం వైపు చూపిస్తారు, రాకెట్టు అంటారు. వాళ్ళ తప్పు లేదు. శ్రీహరికోట 2022 ఏప్రిల్ నుంచి మన తిరుపతి జిల్లాలోనే ఉంది. ఆ దీవిలో ఉండిన యానాది కుటుంబాల్లో ఎన్నిటినో కదిలించి అక్కడ కేంద్రం కట్టారు, 1971 అక్టోబర్ 9న మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది. 2022 అక్టోబర్‌లో, 2023 మార్చిలో అక్కడి నుంచే వన్‌వెబ్ వాళ్ళ ఇంటర్నెట్ ఉపగ్రహాలు 36 చొప్పున రెండుసార్లు పోయాయి. మన ఫోన్‌కు వచ్చేది మాత్రం వాటి నుంచి కాదు, కొన్ని కిలోమీటర్ల దూరంలో ఇనుప టవరు నుంచి అని చెబితే పిల్లలు కొంచెం నిరుత్సాహపడ్డారు. ఒకడు మాత్రం "అయితే మన దీవి ఇచ్చింది ఎవురి నెట్టుకు మేడం?" అన్నాడు. మూడో తరగతి వాడు. నేను బోర్డు తుడుస్తూ ఉండిపోయాను.

మేలో ఒక సాయంత్రం ఊళ్ళో రైతు కొడుకు, బీటెక్ చదివేవాడు, మా ఇంటి ముందు బండి ఆపాడు. వాళ్ళ వీధిలో ఆ రోజు సిగ్నల్ లేదు, ఫీజు కట్టడానికి అదే చివరి రోజు. ఊరోళ్ళు కాలనీకి వచ్చేది కూలికి పిలవడానికి, ఎలక్షన్లప్పుడు. మా చిన్నతనంలో వాళ్ళ ఇంటి వసారా బయట నిలబడి కిటికీలోంచి టీవీ చూసినవాళ్ళం నేనూ మా అన్నా. అన్న నా వైపు చూశాడు, నేను అన్న వైపు చూశాను. మెష్‌లో అతిథులకు వేరే పాస్‌వర్డ్ ఇచ్చే వీలుంది. అదిచ్చి, "లోపలికి రా నాయనా, కుర్చీ వేసుకో, బయట సరిగ్గా అందదు" అన్నాను. వాడు గడపలో కొంచెంసేపు ఆగి లోపలికి వచ్చాడు. ఫీజు కట్టాడు. అమ్మ ఇచ్చిన నీళ్ళు తాగాడు.

అన్న కొడుకు పరీక్ష రాశాడు, ఈసారి రాలేదు. మళ్ళీ చదువుతున్నాడు. చెల్లెలి కూతురు ఓపెన్ ఇంటర్ పుస్తకాలు తెచ్చుకుంది, రాత్రి పది దాటాక అమ్మ ఇంట్లో ఆమె ఫోన్ వెలుగు కనిపిస్తుంది. ఆ వేళ వాటా ఎవరికీ రాసిపెట్టి లేదు కాబట్టి ఎవరూ అడగడం లేదు. చింతచెట్టుకు వానాకాలం ఆకు దట్టమై, తడిసినప్పుడు అన్న ఇంటి డబ్బా ఎర్ర దీపం చూపిస్తోంది. కొమ్మ కొట్టాలా, డబ్బా మార్చాలా అని ఇంకా తేలలేదు. చింతకాయలు అమ్మవి.