కత్తి మొనకు వెలుగు అందదేం?

ఏవండీ, మీ ఇంట్లో బడికెళ్లే పిల్లలుంటే ఈ కబురు మీకోసమే. వార్షికోత్సవాల రోజులొచ్చాయంటే అద్దంకి కొట్లలో అట్టలకీ, వెండిరంగు కాగితానికీ గిరాకీ. ఇదివరకు రాజు వేషమంటే కిరీటం, మీసం, అట్టకత్తి, అంతటితో సరి. ఇప్పుడు కత్తి వెలగాలి! మా మేనల్లుడికి ఈసారి బాలచంద్రుడి వేషమిచ్చారు. "కారంపూడి యుద్ధంలో కరెంటెక్కడిదిరా?" అంటే, "స్టేజీ మీద లైట్లార్పేస్తారు మావయ్యా, మరి కత్తి కనపడొద్దూ?" అన్నాడు. వాడి మాటా సబబే.

అయినా మన ఊరికి కత్తి కొత్తా? పండరంగడనే సేనాని బోయకొట్టాలు పన్నెండు పట్టుకున్న సంగతిని 848 నాటి అద్దంకి శాసనం తరువోజ పద్యంలో చెబుతోంది. వెలుగు మాత్రం కొత్తా? సింగరకొండ తిరునాళ్లకి విద్యుత్ ప్రభలు కట్టే ప్రాంతం మనది. ఇక ఆ రెండింటినీ ఒక పైపులో కుదర్చడానికి ఏం కష్టమనుకుంటాం. కష్టమే వచ్చిపడింది.

వాడు చేసిన కత్తి ఇదీ: తెల్ల పైపును నిలువునా చీల్చి లోపల వరసగా తెల్ల ఎల్‌ఈడీలు, మొన దగ్గర నెత్తురు మరకలా రెండు ఎర్రవి. ప్లస్సులన్నీ ఒక తీగకి, మైనస్సులన్నీ ఇంకో తీగకి. పిడిలో 9 వోల్టుల బ్యాటరీ, దాని ముందు ఒకే ఒక్క రెసిస్టెన్స్. స్విచ్ నొక్కితే ఎర్రవి రెండూ ధగధగా వెలిగాయి, తెల్లవి ఒక్కటీ పలకలేదు. "తెల్లవన్నీ పోయిన సరుకు అంటగట్టాడు" అని కొట్టాయన మీద విరుచుకుపడ్డాడు. ఆ ఎర్రవి రెండూ ఊడబీకి మళ్లీ నొక్కమన్నా. తెల్లవన్నీ ఒక్కసారే వెలిగాయి. వాడి మొహం చూడాలి!

సంగతేమిటంటే, ఎల్‌ఈడీ పాత బల్బులాంటిది కాదు. దానికో గడప ఉంటుంది. వోల్టేజీ ఆ గడప దాటేదాకా వెలగదు, దాటిందా ఇక కరెంటు ఎంత దొరికితే అంతా లాగేస్తుంది. ఎర్రదానికి ఆ గడప సుమారు 2 వోల్టులు. తెల్లదానికి 3 పైమాటే. తెల్ల ఎల్‌ఈడీ అంటే నిజానికి పసుపుపచ్చ పూత పూసిన నీలం ఎల్‌ఈడీ, అందుకని దానికీ నీలం దానంత వోల్టేజీ కావాలి. (1962లోనే నిక్ హోలోన్యాక్ ఎర్ర వెలుగు చూపించాడు గానీ, పనికొచ్చే నీలం రావడానికి ఇంకో ముప్ఫై ఏళ్లు పట్టింది. ఆ నీలానికే 2014లో అకసాకి, అమానో, నకమురాలకు నోబెల్ ఇచ్చారు.) రెండు రంగుల్నీ ఒకే జత తీగల మీద కడితే ఎర్రది ఆ తీగల మధ్య వోల్టేజీని 2 దగ్గరే పట్టేస్తుంది. తెల్లదానికి 3 ఎక్కణ్ణించి వస్తుంది?

"సరే, అన్నీ తెల్లవే పెడతా" అన్నాడు. పెట్టాడు. వెలిగాయి గానీ ఒకటి మిలమిల, ఒకటి మినుకుమినుకు. అన్నీ ఒకే పొట్లంలోవే. ఇక్కడే చాలామంది బ్యాటరీని అనుమానిస్తారు. బ్యాటరీ తప్పేం లేదు. ఒకే ఫ్యాక్టరీలో ఒకే రోజు తయారైన ఎల్‌ఈడీల్లో కూడా ఒకదానికి 3.0 వోల్టులు చాలితే ఇంకోదానికి 3.2 కావాలి. ఆ 0.2 వోల్టు తేడా చూడ్డానికి ఎంతా? కానీ గడప దగ్గర ఆ కాస్తకే కరెంటు రెట్టింపు దాకా మారిపోతుంది. తక్కువతో సరిపెట్టుకునేదే ఎక్కువ కరెంటు లాగుతుంది, లాగి వేడెక్కుతుంది, వేడెక్కితే దాని గడప ఇంకాస్త దిగుతుంది, దిగితే ఇంకాస్త లాగుతుంది. అట్లా ఒకటి ముందు మాడిపోతే దాని వాటా మిగతావాటి మీద పడుతుంది.

తిరునాళ్ల సీరియల్ సెట్లు గుర్తున్నాయా? ఆ పాత చిన్న బల్బులు ఒకదాని వెనక ఒకటి గొలుసుకట్టుగా 230 వోల్టుల మీద వెలిగేవి. ఒకటి మాడితే సెట్టంతా చీకటే, ఏది పోయిందో వెతకలేక కరెంటు పనివాళ్లకి తల ప్రాణం తోకకొచ్చేది. కానీ ఆ సెట్లో అన్నిటి వెలుగూ సమానంగా ఉండేది గమనించారా? గొలుసులో అన్నిటి గుండా పారే కరెంటు ఒక్కటే మరి. ఎల్‌ఈడీ వెలుగుని తేల్చేది కూడా కరెంటే.

కాబట్టి అన్నిటికీ కరెంటు సమంగా అందాలంటే ఒక్కో ఎల్‌ఈడీకి సొంత రెసిస్టెన్స్ ఇవ్వాలి. లెక్క చిన్నదే. 9 లోంచి 3.2 తీసేస్తే 5.8. మామూలు ఎల్‌ఈడీకి 20 మిల్లీఆంపులు, అంటే 0.02. దాంతో భాగిస్తే 290. కొట్లో దొరికేది 330 ఓములు, అది చాలు. అప్పుడు ఎల్‌ఈడీల మధ్య తేడా 0.2 వోల్టు ఉన్నా కరెంటు మూడు నాలుగు శాతానికి మించి మారదు. ఆ మాత్రం తేడా మన కన్ను పట్టదు.

బ్యాటరీ మిగలాలంటే రెండేసి తెల్లవాటిని గొలుసుకట్టి ఒక్కో జతకి 150 ఓములు పెట్టొచ్చు, కరెంటు సగమే ఖర్చవుతుంది. అయితే బ్యాటరీ 7 వోల్టులకి దిగిందంటే ఈ జతలు చప్పున చప్పబడిపోతాయి. మూడేసి కడదామనుకోకండి, 9.6 కావాలి, మీ దగ్గరున్నది 9.

డబ్బు పెట్టగలిగినవాళ్లు ఇప్పుడు పిక్సెల్ స్ట్రిప్ కొంటున్నారు, మీటరుకి 60 దీపాలు, 5 వోల్టులు. దానికి వేరే రోగం. పిడి దగ్గర పాలలా తెల్లగా ఉన్న వెలుగు మొనకి వెళ్లేసరికి పసుపు, ఆపైన ఎరుపు తిరుగుతుంది. మన అద్దంకి బ్రాంచి కాలవ సంగతే అనుకోండి: తలాపున ఉన్నవాళ్లు తోడుకోగా చివరి ఆయకట్టుకి మిగిలేదెంత? అన్నీ పూర్తి తెలుపులో వెలిగితే ఆ మీటరు స్ట్రిప్ 3.6 ఆంపుల దాకా లాగుతుంది. అందులోని రాగిపూత సన్నం, దారిపొడుగునా వోల్టేజీ కరిగిపోతుంది. ఎక్కువ వోల్టేజీ అడిగే నీలం ముందు నీరసిస్తుంది, ఎరుపు ఆఖర్న మిగులుతుంది. మందు: పిడి నుంచి మొన దాకా లావుపాటి తీగలు ఇంకో జత లాగి ఆ కొసన కూడా ప్లస్, మైనస్ అందించడం, వెలుగు సగానికి తగ్గించడం. చీకటి స్టేజీ మీద ఆ సగమూ ఎక్కువే.

ఇంకో చిన్న మాట. కొన్నిసార్లు కరెంటు సమంగానే ఉంటుంది, వెలుగే అటూ ఇటూ చూస్తుంటుంది. నున్నని గాజులాంటి తల ఉన్న ఎల్‌ఈడీ ఎటు చూస్తే అటే కొడుతుంది. దాని తలని గరుకు కాగితంతో నాలుగు రుద్దులు రుద్ది, పైపు లోపల బట్టర్ పేపర్ చుట్టండి. కత్తి ఝళిపించేది కాబట్టి తీగలు మెలిపెట్టి టేపు వేస్తే నిలవదు. టంకం వేయించాల్సిందే.

పిల్లల చేతి వస్తువు గనక ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. పాత ఫోన్ల లిథియం బ్యాటరీలు విప్పి పిడిలో దూర్చకండి. దెబ్బ తగిలినా, తీగలు తాకినా అంటుకుంటాయి. 9 వోల్టులది కూడా అక్కర్లేదు, దాని ఓపిక కొద్దిసేపే. మూడు పెన్సిల్ సెల్లులు వేస్తే 4.5 వోల్టులు. తెల్లదానికి 68 ఓములు, ఎర్రదానికి 150. రెసిస్టెన్స్ ఒక్కోటి రూపాయో, రెండో. ఎన్ని దీపాలుంటే అన్ని కొనండి.