లిటిల్ షీప్ కథను మీరు ఎక్కడ ఆపుతారు?

గత ఏడాది ఒక టెస్ట్ సిరీస్‌లో చిన్న పట్టణాల వ్యాపారాలపై ఎస్సే రాశాను. మొదటి పేరాలోనే చైనాకు చెందిన లిటిల్ షీప్ అనే హాట్‌పాట్ రెస్టారెంట్ల ఉదాహరణ ఇచ్చాను. బాగా కుదిరిందనుకున్నాను. 125కి 48 వచ్చాయి. ఆ పేరా పక్కన ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న: "తర్వాత ఏమైంది?" అప్పుడు కోపం వచ్చింది. మొన్న మార్చిలో తమ్ముడు ఫోన్ చేసే వరకు ఆ ప్రశ్న విలువ తెలియలేదు.

ముందు నేను రాసిన కథ చెబుతాను. 1999లో బావోటౌ నగరంలో జాంగ్ గాంగ్ అనే వ్యాపారి ఒక హోటల్ తెరిచాడు. బావోటౌ ఇన్నర్ మంగోలియాలో ఉంది. అంటే చైనాలోని స్వయంప్రతిపత్తి ప్రాంతం. ఉలాన్‌బాతర్ రాజధానిగా ఉన్న మంగోలియా వేరే దేశం. (మ్యాప్ తీసి ఒకసారి చూడండి. రేర్ ఎర్త్‌లకు పేరుపడ్డ బయాన్ ఓబో గని కూడా బావోటౌ పరిధిలోదే. ప్రిలిమ్స్‌కి పనికొస్తుంది.) హాట్‌పాట్ అంటే బల్ల మధ్యలో సూప్ మరుగుతుంటుంది, కాగితంలా పల్చగా కోసిన గొర్రె మాంసాన్ని తినేవాళ్లే అందులో ముంచి ఉడికించుకుంటారు. మామూలుగా ఆ ముక్కను ఏదో ఒక సాస్‌లో అద్దుకుని తింటారు. జాంగ్ గాంగ్ మసాలా దినుసులు, మూలికలతో సూప్‌నే ఘాటుగా చేసి, అద్దుకునే పని లేకుండా చేశాడు.

ఇందులో వ్యాపార కిటుకు గమనించారా? చేయి తిరిగిన వంటవాడు అక్కర్లేదు. వంట సగం కస్టమరే చేసుకుంటాడు. మసాలా ఒకచోట తయారుచేసి అన్ని ఊళ్లకూ పంపొచ్చు. అందుకే కొన్నేళ్లలోనే శాఖలు 700 దాటాయి. 2006లో 3ఐ అనే బ్రిటిష్ పెట్టుబడి సంస్థ డబ్బు పెట్టింది. 2008లో కంపెనీ హాంకాంగ్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్ట్ అయింది. నా ఎస్సేలో కథ ఇక్కడితో అయిపోయింది.

నేను వదిలేసిన సంగతి ఒకటుంది. ఆ 700లో ఎక్కువ భాగం ఫ్రాంచైజీలు. బోర్డు ఒకటే అయినా ఊరికో రుచి, ఊరికో శుభ్రత. పైగా అదే పేరుతో నకిలీ హోటళ్లు. ట్రేడ్‌మార్క్ కోసమే కంపెనీ ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. చివరికి నచ్చని శాఖలను తెంచుకుంటూ వచ్చి, లిస్టింగ్ నాటికి 400 లోపుకు దిగింది. అంటే నేను 'ఎదుగుదల' అని రాసిన ఏళ్లలోనే వందల బోర్డులు దిగిపోయాయి.

ఆ తర్వాత కేఎఫ్‌సీ, పిజ్జా హట్‌ల యజమాని అయిన యమ్ బ్రాండ్స్ వచ్చింది. 2009లో కొంత వాటా కొని, 2011లో దాదాపు మొత్తం కంపెనీకి బేరం పెట్టింది. చైనా వాణిజ్య మంత్రిత్వ శాఖ దీనికి ఒప్పుకుంది. 2009లో హుయీయువాన్ జ్యూస్ కంపెనీని కోకాకోలా కొనబోతే అడ్డుకున్నది ఇదే శాఖ. (మన దేశంలో ఇలాంటి విలీనాలను పరిశీలించేది కాంపిటీషన్ కమిషన్. జీఎస్-3లో రెండింటినీ పక్కపక్కన పెట్టి రాయొచ్చు.) 2012 మొదట్లో కొనుగోలు పూర్తయింది. ఏడాది తిరిగేసరికి లెక్క మారింది. 2013లో యమ్ ఈ కంపెనీ విలువను దాదాపు 30 కోట్ల డాలర్ల మేర తగ్గించి రాసుకుంది, 2014లో అంతకంటే ఎక్కువ. చైనాలో వేల శాఖలు నడిపిన అనుభవం ఉన్న సంస్థకే ఈ గతి పట్టింది. ఆ కాలంలోనే సిచువాన్ నుంచి హైదిలావ్ దూసుకొచ్చింది. బయట ఎదురుచూసే కస్టమర్ల గోళ్లకు రంగులు కూడా వేసే హోటల్ అది. సూప్‌ను ఎవరైనా కాపీ కొట్టొచ్చు, ఆ మర్యాదను కొట్టడం కష్టం అని నాకనిపిస్తుంది.

ఇక తమ్ముడి ఫోన్. ఊళ్లో అర ఎకరం అమ్మి టీ ఫ్రాంచైజీ తీసుకుంటాడట. కంపెనీ పేరు ఇక్కడ వద్దు. "అన్నయ్యా, వాళ్లకి ఇప్పటికే వందల షాపులున్నాయి" అని బ్రోచర్ వాట్సాప్ చేశాడు. తెరిచినవెన్నో అందులో పెద్ద అక్షరాలతో ఉంది. మూసినవెన్నో ఎక్కడా లేదు. రెండేళ్లు దాటి నడుస్తున్నవెన్ని? నీ షాపుకి ఎంత దూరంలో ఇంకొకరికి ఇవ్వరని అగ్రిమెంట్‌లో రాశారు? ఈ రెండూ అడిగాను.

వాడికి కోపం వచ్చింది. "నాలుగేళ్లుగా నువ్వు అశోక్‌నగర్‌లో కూర్చుంటే ఎవరైనా ఇన్ని లెక్కలడిగారా?" అన్నాడు. నిజమే, ఎవరూ అడగలేదు. నాన్న నెలనెలా డబ్బు పంపుతూనే ఉన్నాడు. ఫలానా ఇన్‌స్టిట్యూట్ నుంచి ఇన్ని ర్యాంకులు అన్న పోస్టర్ చూసే నేనూ ఈ బస్సెక్కాను. అక్కడ ఫీజు కట్టినవాళ్లెందరో ఆ పోస్టర్‌లోనూ లేదు.

రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వాడే, బ్రోచర్‌లో ఉన్న మూడు అడ్రసులు పట్టుకుని బండి మీద వెళ్లొచ్చాడు. ఒకచోట ఇప్పుడు మొబైల్ రిపేర్ షాపు ఉంది. రెండోచోట ఓనరు సాయంత్రం రద్దీ వేళ వచ్చి చూసుకోమన్నాడట, వెళితే నిజంగానే జనం ఉన్నారట. మూడో అడ్రసు దొరకలేదు. పొలానికి బయానా ఆదివారం. అప్పటిలోగా ఆ రెండో ఓనరుని అద్దె ఎంతో అడుగుతానన్నాడు.